మా గుడివాడలూ పిన్ని శుక్రవారాలూ

మా ఇంట్లో గుడివాడ అంటే ఊరు కాదు. "ఏమండీ, గుడివాడ ఎప్పుడు?" అని మా ఆవిడ అడిగిందంటే, మేం దాచుకుంటున్న డబ్బు ఇంకో మెట్టు ఎక్కడానికి ఎన్నాళ్ళు పడుతుందని అర్థం. నలభై అయిదేళ్ళకల్లా నేను ఉద్యోగం మానేసి, ఉన్నదాంతో ఇద్దరం నింపాదిగా బతకాలని అనుకున్నాం. అందుకు ఇంత కావాలని ఒక అంకె వేసుకున్నాం. దాన్ని అయిదు మెట్లు చేసి, మెట్టుకొక పండగ పెట్టుకున్నాం. ఆ అంకె ఎంతో ఇక్కడ కూడా చెప్పను. అన్నీ అయిపోయాక కూడా చెప్పబుద్ధి కావడం లేదంటే, ఆ జబ్బు నాలో ఎంత ముదిరిందో మీరే ఊహించుకోండి.

పండగకి గుడివాడే ఎందుకంటే, మేముండేది బందరులో. ఇక్కడ మా చర్చి వాళ్ళున్నారు, మా ఆవిడ పాఠాలు చెప్పే స్కూలు వాళ్ళున్నారు, వీధికొక చుట్టం ఉన్నాడు. ఏ హోటల్లో కూర్చున్నా పక్క టేబుల్ నుంచి "ఏంటండీ విశేషం?" అని ఎవరో ఒకరు పలకరిస్తారు. మనవాళ్ళు ఊరికే బిరియానీ తినరు. పుట్టినరోజో, పెళ్ళిరోజో, ప్రమోషనో ఉండి తీరాలి. "మా మ్యూచువల్ ఫండ్ల విలువ ఫలానా అంకె దాటిందండీ, అందుకని" అని చెప్పగలమా? అందుకని పొద్దున్నే పాసింజరు బండెక్కి, పెడన, కవుతరం మీదుగా గుడివాడ వెళ్ళేవాళ్ళం. అక్కడ ఏసీ గదిలో బిరియానీ తిని, మ్యాట్నీ చూసి, ఏదో ఒక వస్తువు కొనుక్కుని సాయంత్రానికి ఇంటికొచ్చేవాళ్ళం.

వస్తువు విషయంలో ఒక నియమం ఉండేది. అది బయటికి కనపడకూడదు. మొదటి గుడివాడకి నాకు ఖరీదైన బనియన్లు, మా ఆవిడకి రెండు మెత్తటి నైటీలు కొన్నాం. రెండోసారి మంచి పరుపు ఆర్డరిచ్చి, అది ఇంటికొచ్చాక దానిమీద పాత దుప్పటి పరిచాం. ఎవరైనా వస్తే ఆ మంచం మీద కూర్చోకుండా మా ఆవిడ ముందే ప్లాస్టిక్ కుర్చీలు లాగేది. ఆ రోజుల్లో ఇదంతా మాకు మహా సరదాగా ఉండేది. దొంగతనం చెయ్యకుండానే దొంగల్లా బతుకుతున్నామని నవ్వుకునేవాళ్ళం.

నాది హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. లాక్‌డౌన్‌లో అందర్నీ ఇళ్ళనుంచే పని చెయ్యమన్నారు. అద్దె దండగని మేం సామాను సర్దుకుని బందరు వచ్చేశాం. తర్వాత కూడా నన్ను వెనక్కి రమ్మనలేదు. హైదరాబాదు జీతం, బందరు ఖర్చు. మాకు పిల్లల్లేరు. ఇంకేం కావాలి, డబ్బు దానంతటదే పేరుకుంది. చూసేవాళ్ళకి మాత్రం నేను లుంగీ కట్టుకుని పొద్దస్తమానం ఇంట్లో ఉండే మనిషిని.

ఇక పిన్ని సంగతి. మా అమ్మకి స్వయానా చెల్లెలు. దివిసీమలో కోడూరు దాటాక ఉంటుంది వాళ్ళ ఊరు. ఇంటర్ రెండేళ్ళూ నేను వాళ్ళింట్లోనే ఉండి అవనిగడ్డ వెళ్ళి చదువుకున్నాను. నా బట్టలు ఉతికింది, క్యారేజీ కట్టింది, పరీక్షల ముందు నాతోపాటు మెలకువగా కూర్చుంది. ఆవిడకీ పిల్లల్లేరు. మా బాబాయి పోయాక ఒక్కతే ఉంటూ, ఊళ్ళో వాళ్ళకి జాకెట్లు కుట్టి బతుకుతోంది. మా అమ్మ కూడా పోయాక, నన్ను "నాయనా" అని పిలిచే మనిషి ఆవిడొక్కతే మిగిలింది.

మేం బందరు వచ్చిన మరుసటేడు మే నెలలో పిన్ని ఫోన్ చేసింది. ఆ మాటా ఈ మాటా చెప్పి, చాలాసేపు నసిగి, అసలు విషయానికొచ్చింది.

"రోడ్డు మీద రోడ్డేసి ఎత్తు పెంచేశారు నాయనా. ఇల్లు గుంటలో పడిపోయింది. వానపడితే వీధి నీళ్ళన్నీ మనింట్లోకే. మట్టి తోలించి, లోపల నేల కూడా మెరక చేయించుకుంటే గానీ లాభం లేదంటన్నాడు మేస్త్రీ. అరవై వేలవుద్దంట. కాస్త సర్దగలవేమోనని. నెలనెలా పంపిచ్చేస్తాలే."

అప్పటికి మొదటి గుడివాడ రెండు నెలల దూరంలో ఉంది. అరవై వేలు తీస్తే అది ఇంకాస్త వెనక్కి పోతుంది. పిన్ని మాట్లాడుతుండగానే నా బుర్రలో ఈ లెక్క అయిపోయింది. అంత తొందరగా నేను ఆఫీసు పని కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

"ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉంది పిన్నీ" అన్నాను.

ఇబ్బంది అన్న మాటని మనవైపు ఎలా వాడతామో మీకు తెలుసు. పెళ్ళికి వెళ్ళడం ఇష్టం లేకపోతే ఇబ్బంది, చందా ఇవ్వకపోతే ఇబ్బంది, ఇల్లు అద్దెకివ్వడం ఇష్టం లేకపోతే ఇబ్బంది. అవతలివాళ్ళకి అర్థమవుతుంది. "సరేలెండి" అని లేచిపోతారు. ఎవరూ మాట పడరు, ఎవరి మొహమూ చిన్నబోదు. నేనూ ఆ లెక్కలోనే అన్నాను. కానీ పిన్ని ఆ మాటని ఉన్నదున్నట్టుగా నమ్మింది.

"నీకు ఇబ్బందా?" అంది. ఆవిడ గొంతు మారిపోయింది. "ఏమయింది నాయనా? ఉద్యోగానికేమన్నా..."

"ఈ కరోనాలో అందరికీ ఉన్నట్టే పిన్నీ."

"అయితే ఇంట్లోనే ఉంటన్నావా?"

"ఇంట్లోనే ఉంటున్నా."

ఒక్క ముక్క అబద్ధం లేదు చూడండి. అన్నీ నిజాలే చెప్పి, ఉద్యోగం పోయిందని ఆవిడచేత అనిపించాను. పిన్ని, "మట్టి సంగతి మర్చిపో. నేను అసలు అడగలేదనుకో. నీ కోసం ప్రార్థన చేస్తాను" అంది. "చెయ్యి పిన్నీ" అన్నాను. ఫోన్ పెట్టేసి గండం గడిచిందనుకున్నాను. రెండు నెలల తర్వాత మొదటి గుడివాడ వెళ్ళాం. అదే నెలలో దివిసీమలో వానలు దంచికొట్టాయి. పిన్నికి ఫోన్ చేస్తే "ఆ, వచ్చినయ్యిలే కాసిని నీళ్ళు" అని తేల్చేసింది.

ఆ తర్వాత రెండేళ్ళకి మూడో గుడివాడ వచ్చింది. ఏసీ గదిలో కూర్చుని, రెండు బిరియానీలు, ఒక చికెన్ వేపుడు, రెండు కూల్‌డ్రింకులు చెప్పుకుని అప్పుడే మొదలుపెట్టాం. ఒక పెద్దావిడ మా టేబుల్ దగ్గర ఆగింది. చేతినిండా బట్టల షాపు సంచులు.

"నువ్వు మా టైలరమ్మ అక్కకొడుకువి కాదూ?" అంది.

పిన్ని వాళ్ళ ఊరావిడ. పిన్ని వెళ్ళే చర్చే. ఎవరిదో పెళ్ళికి బట్టలు తీసుకోవడానికి చుట్టాలతో గుడివాడ వచ్చిందట. నేను నోట్లో ముద్ద మింగి అవునండి అన్నాను. ఆవిడ మా ప్లేట్ల వంక చూసింది. దొరికిపోయాం అనుకున్నాను. కానీ ఆవిడ మొహంలో అనుమానం లేదు, జాలి ఉంది.

"ఉద్యోగం వెతుక్కుంటా ఇంత దూరం వచ్చారా నాయనా? తినండి, తినండి. ఇట్టాంటి తిండి తిని ఎన్నాళ్ళయిందో ఏమో." తర్వాత మా ఆవిడ భుజం మీద చెయ్యేసి చెప్పింది. "మీ పిన్నత్తగారు ఒక్క శుక్రవారం కూడా తప్పటంలేదమ్మా. పొద్దున్నించీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టుకోకుండా ఉపాసముంటంది, మీ ఇబ్బంది తీరాలని. మా స్త్రీల సమాజంలో విన్నపాలు చదివేటప్పుడు ముందు మీదే చదువుతాం. రెండేళ్ళబట్టీ చదువుతన్నాం."

అప్పుడు చెప్పెయ్యాల్సింది. ఆ పెద్దావిడ మొహం మీద చెప్పెయ్యడం ఎంతసేపు? నేను ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని తలూపాను. ఆవిడ వెళ్తూ వెళ్తూ రెండొందల నోటు మా ఆవిడ గుప్పిట్లో కుక్కి, "ఛార్జీలకి ఉంచమ్మా" అంది. వద్దండీ, వద్దండీ అని రెండుసార్లు అన్నాం. మూడోసారి మా ఆవిడ నా వంక చూసింది. నేను నా ప్లేటు వంక చూశాను. మా బిల్లు ఆ నోటుకి నాలుగింతలు. ఆవిడ బయటికి వెళ్ళిందని చూసుకున్నాకే బిల్లు తెమ్మన్నాను.

సినిమాకి వెళ్ళలేదు. తిరుగు బండిలో మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కవుతరం దాటాక, "రేపు ఫోన్ చేసి చెప్పేయండి" అంది.

"ఏమని చెప్పను?"

"ఉన్నది ఉన్నట్టు."

రేపు అన్నది వచ్చింది, వెళ్ళింది. ఆదివారం చర్చిలో మా ఆవిడ ఆ రెండొందల నోటుని కానుకల సంచిలో వేసింది. సంచి నా దాకా వచ్చినప్పుడు నా వంతు నేను వేశాను. ఎప్పుడూ వేసేంతే వేశాను.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. చెప్తే పిన్ని నొచ్చుకుంటుందని ఒక సాకు. ఇంకోటి ఏంటంటే, నేను ఇబ్బందుల్లో ఉన్నానన్న కబురు దివిసీమంతా పాకిపోయి, నన్ను అప్పు అడిగేవాడే లేకుండా పోయాడు. పెద్దనాన్న కొడుకులు, మేనత్త కూతుళ్ళు, ఒక్కరూ నోరు తెరవలేదు. ఎదురుపడితే వాళ్ళే నా కాఫీకి డబ్బులిచ్చేవాళ్ళు. సుఖంగా ఉండింది, అబద్ధం ఎందుకు.

ఈ రెండింటికన్నా సిగ్గుచేటైనది ఇంకోటుంది. ఆ రెండేళ్ళూ మార్కెట్టు బాగా పెరిగింది. మా ఆవిడతో ఒకసారి వేళాకోళంగా, "పిన్ని ఉపవాసాలు పనిచేస్తున్నట్టున్నాయే" అన్నాను. "నోరు కడుక్కోండి" అని ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వేళాకోళానికే అన్నాను. కానీ ఒక వారం మార్కెట్టు వరసగా పడింది. గురువారం బాగా పడింది. శుక్రవారం పొద్దున నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. మధ్యాహ్నం పిన్నికి ఫోన్ చేసి, మామూలుగా అడిగినట్టు, "ఇవాళ ప్రార్థన కూటానికి వెళ్ళావా?" అన్నాను. "ఇప్పుడే వచ్చా నాయనా. ఇంకా ఏమీ ముట్టుకోలా. సాయంత్రం దాకా ఉంటా" అంది నీరసంగా. నాకు హమ్మయ్య అనిపించింది. డెబ్భైకి దగ్గరపడిన మనిషి, షుగరున్న మనిషి, నాకోసం తిండి మానేసిందని తెలిసి నాకు హమ్మయ్య అనిపించింది. మిగతావన్నీ ఏదోలా సర్దుకోగలను గానీ, ఆ నిమిషాన్ని మాత్రం సర్దుకోలేకపోతున్నాను.

నాలుగో గుడివాడ వెళ్ళలేదు. మా ఆవిడ రానంది. ఆ ఏడు తుఫాను వానలు తగ్గాక పిన్నిని చూడ్డానికి వెళ్ళాను. బయల్దేరేముందు బీరువా ముందు నిలబడి, కాలరు నలిగిన పాత చొక్కా వెతికి తొడుక్కున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "నాటకానికి వెళ్తున్నట్టుంది" అంది. విప్పెయ్యలేదు. అరడజను అరటిపళ్ళు కొనుక్కుని బస్సెక్కాను.

పిన్ని మంచం కోళ్ళ కింద మూడేసి ఇటుకలున్నాయి. కుట్టుమిషన్ని బల్ల మీదికి ఎక్కించింది. గోడ మీద మోకాలెత్తున నీటి గీత, దానికింద సున్నం పెచ్చులూడి ఉంది. నేను ఆ గీత చూస్తుంటే, "రెండు రోజులేలే. మూడోరోజుకి దిగిపోయినయ్యి. పాములే రాకుండా ఉంటే బాగుండు" అంది. నాకు బొమ్మిడాయిల పులుసు చేసిపెట్టింది. పక్కన కూర్చుని, నా చొక్కా కాలరు రెండు వేళ్ళతో పట్టి చూసి, "ఇది విప్పివ్వు, తిరగేసి కుడతాను" అంది. విప్పి ఇచ్చాను. నేను బాబాయి పాత లాల్చీ వేసుకుని కూర్చుంటే, ఆవిడ బల్ల పక్కన నిలబడి, చేత్తో చక్రం తిప్పుకుంటూ ఆ కాలరు కుట్టింది.

కుడుతూనే చెప్పింది. "నీ పిల్లల కోసం పదేళ్ళు అడిగా దేవుణ్ణి. ఇవ్వలా. ఇదన్నా వినకపోడు. ఈసారి నేను వదిలిపెట్టను."

తిరిగొచ్చేటప్పుడు పాతిక కేజీల బియ్యం బస్తా బస్సెక్కించింది. వద్దంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తెచ్చాను. మా ఆవిడ ఆ బస్తా చాలా రోజులు విప్పలేదు. తర్వాత పురుగు పడుతుందని వండటం మొదలుపెట్టింది. అన్నం చాలా బాగుండేది.

ఈ ఏడాది ఎండలు మొదలవుతుండగా పిన్ని పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. శుక్రవారం కూటంలో మోకాళ్ళ మీద ఉన్నది ఉన్నట్టే పక్కకి ఒరిగిపోయిందట. షుగరు పడిపోయింది. అవనిగడ్డ తీసుకెళ్తే డాక్టరు తిట్టి, ఇక ఒక్క పూట కూడా పస్తు ఉండొద్దన్నాడట. నేను వెంటనే పిన్నికి చేశాను.

"ఉపవాసాలు మానెయ్యి పిన్నీ. నీకు దణ్ణం పెడతా."

"నీ ఇబ్బంది తీరనీ నాయనా. మర్నాడే మానేస్తా."

"ఏమన్నా అయితే?"

"ఏమవుద్ది? నిన్ను ఇట్టా వదిలేసి నేను పోతానా?"

అయిదో మెట్టు పడింది ఆ వారంలోనే. మంగళవారం పొద్దున పదిగంటలకి లాప్‌టాప్ తెర మీద మా అంకె కనబడింది. అయిదేళ్ళు దానికోసం చూశాను. కనబడితే లేచి గంతులేస్తాననుకున్నాను. మా ఆవిడ ఒంట్లో బాగోక స్కూలుకి సెలవు పెట్టింది. పిలిచి చూపించాను. చాలాసేపు చూసింది.

"ఈసారి గుడివాడ వద్దు. రేపు మీరు పిన్నత్తగారి దగ్గరికి వెళ్ళండి" అంది.

చల్లపల్లి దాటేలోపు ఏం చెప్పాలో తేల్చుకున్నాను. ఉద్యోగం దొరికింది పిన్నీ, ఇబ్బంది తీరిపోయింది, అంటాను. ఆవిడ ఉపవాసాలు మానేస్తుంది. మొదటి జీతమని చెప్పి మట్టి నేనే తోలిస్తాను. అందరికీ మంచిదే. రాజీనామా ఉత్తరం రాసుకున్న వారంలో, ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్తున్నాను. పులిగడ్డ వంతెన మీద బస్సు వెళ్తుంటే, ఆ రెండు వాక్యాలూ తడబడకుండా రెండుసార్లు పైకి అనుకున్నాను. పక్కసీటాయన నావంక అదోలా చూశాడు.

పిన్ని మిషన్ దగ్గరుంది. చిక్కిపోయింది. నేను చెప్పాల్సిందంతా గుమ్మంలోనే చెప్పేశాను. ఆవిడ పాదం మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "స్తోత్రం తండ్రీ, స్తోత్రం" అంటూ మిషన్ పక్కనే మోకాళ్ళూనింది. ఒళ్ళో ఉన్న జాకెట్టు ముక్కలు కింద పడ్డాయి. "వాడి కంపెనీవాళ్ళ మనసు మార్చావు, వాణ్ణి నలుగురిలో నిలబెట్టావు" అని దేవుడికి వివరంగా చెప్పుకుంది. నేను చెప్పులు కూడా విప్పలేదు.

లేచి కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఒక గుడ్డసంచి తీసుకొచ్చింది.

"మట్టికని చీటీ వేశా నాయనా. పోయినేడు పాడుకున్నా. ఈ వానల్లోపు తోలిద్దామనే అనుకున్నా. కానీ అప్పుడే మొక్కుకున్నా. పిల్లల కోసం ఉత్త చేతుల్తో అడిగా, అందుకే ఇవ్వలేదేమో. ఈసారి నీ ఇబ్బంది తీరితే ఇదంతా దేవుడికే ఇచ్చేస్తానన్నా." ఆవిడ మొహం కళకళ్ళాడిపోతోంది. "ఆదివారం నువ్వు, అమ్మాయి కూడా రండి. కృతజ్ఞత కానుక నీ చేత్తోనే ఇప్పిస్తా. నువ్వు లేచి సాక్ష్యం చెప్పాలి. అయిదేళ్ళు ప్రార్థన చేశారు మా వాళ్ళు, వినాలిగా."

ఇక్కడ కూడా నేను మంచివాణ్ణేమీ కాదు. ఆవిడని ఇచ్చుకోనిచ్చి, మట్టి నా డబ్బుతో తోలిస్తే సరిపోతుంది కదా అని ఒక క్షణం ఆలోచించాను. లెక్క సరిగ్గానే కుదిరింది. కానీ ఆ రెండొందల నోటిచ్చిన ఆవిడ ముందు వరసలో కూర్చుని ఉంటే, నేను లేచి దేవుడి పేరు పెట్టి చెప్పడం కళ్ళకి కట్టింది.

"పిన్నీ, నా ఉద్యోగం పోలేదు" అన్నాను.

"పోయిందే వచ్చిందిగా నాయనా."

"అసలు పోలేదు. అప్పట్నుంచీ ఉంది. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చేస్తున్నా. జీతం ప్రతి నెలా వచ్చింది."

"మరి ఇబ్బంది?"

"ఇబ్బందేమీ లేదు."

పిన్ని మిషన్ ముందున్న స్టూలు మీద కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. నేను అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. పిన్ని అడిగింది.

"నేను మట్టికి అడిగినప్పుడు కూడా ఉన్నయ్యా నాయనా?"

"ఉన్నాయి పిన్నీ."

"చాలా ఉన్నయ్యా?"

తలూపాను. ఇంక ఆపుకోలేక మొత్తం చెప్పాను. నలభై అయిదుకి మానేద్దామనుకోవడం, అంకె, మెట్లు, గుడివాడలు. చెప్తుంటే నాకే ఎక్కడో తేడాగా వినిపించింది. పిన్ని శ్రద్ధగా వింది. "మానేసి ఏం చేస్తావు?" అంది.

"ఏమీ లేదు. ఊరికే ఉందామని."

"ఊరికే ఉండటానికా" అంది. వెటకారం లేదు. నిజంగానే అర్థం చేసుకుందామని చూసింది, అర్థం కాలేదు.

నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. తప్పయిపోయింది పిన్నీ, క్షమించు అన్నాను. ఈ వారమే మట్టి తోలిస్తాను, ఇల్లంతా కొత్త గచ్చు చేయిస్తాను అన్నాను. పిన్ని సంచి మూతి ముడి గట్టిగా బిగించింది.

"నీకెందుకులే నాయనా ఇబ్బంది" అంది. "తీరితే ఇస్తానని మొక్కుకున్నా. తీరడానికి అసలంటూ లేనప్పుడు మొక్కూ లేదు. నా డబ్బులు నాకుంచాడు దేవుడు. నేనే తోలించుకుంటా."

"శుక్రవారం మాత్రం ఉపవాసం ఉండొద్దు పిన్నీ."

"ఇంకెందుకుంటా?" అంది.

అన్నం పెట్టింది. పప్పు, వంకాయ కూర. రెండోసారి వడ్డించింది కూడా. కానీ బస్సు దగ్గరికి రాలేదు. నేను ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాక ఆవిడ బస్సు కదిలేదాకా నిలబడకపోవడం ఎప్పుడూ లేదు. "జాకెట్లియ్యాలి ఇవాళ" అని మిషన్ మీదికి వంగింది. నేను వీధి మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు వినబడింది.

రాజీనామా ఇచ్చాను. నోటీసు నెలా అయిపోయింది. ఆఫీసువాళ్ళు తెరమీద వరసగా కనబడి చప్పట్లు కొట్టారు. కేకు వాళ్ళే ఇంటికి పంపించారు. ఇంత చిన్న వయసులో ఎలా సాధించావో చెప్పమని ఒక కుర్రాడు అడిగాడు. తర్వాత ఎప్పుడైనా చెప్తానన్నాను.

ఉద్యోగం లేని మొదటి శుక్రవారం మా ఆవిడ స్కూలుకెళ్ళిపోయింది. నేను పేపరు రెండుసార్లు చదివాను. మొక్కలకి నీళ్ళు పోశాను. ఒంటిగంటకి ఉండబట్టలేక పిన్నికి ఫోన్ చేశాను. ఎత్తుతుందో లేదో అనుకున్నాను. ఎత్తింది. వెనకాల ట్రాక్టరు మోత, ఎవరో మనుషుల కేకలు.

"ఏం చేస్తున్నావ్ పిన్నీ?"

"అన్నం తింటన్నా" అంది. నోట్లో ముద్దతోనే అంది. "ఏమన్నా పనుండి చేశావా?"

"పనేం లేదు."

"అయితే పెట్టేస్తా. మట్టోళ్ళు వచ్చి ఉన్నారు, వాళ్ళకి మంచినీళ్ళియ్యాలి."

ఫోన్ పెట్టేసింది. ఆవిడ శుక్రవారం కడుపునిండా తినాలనే కదా నేను అంతదూరం వెళ్ళి అంతా చెప్పుకున్నాను. తింటోంది. ఇల్లు మెరకవుతోంది. సంతోషించాల్సిన విషయాలే, సంతోషించాను కూడా. కానీ "నువ్వు తిన్నావా నాయనా?" అని మాత్రం అడగలేదు. ఆ మాట అడక్కుండా పిన్ని నా ఫోన్ పెట్టెయ్యడం ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.